ముడులు పడ్డ చేంతాడు

మా అత్తగారు పోయి ఏడాది దాటింది. ఆవిడ బతికున్నంతకాలం ఈ సంగతి ఆవిడకి చెప్పనని నేనొకరికి మాట ఇచ్చాను, నిలబెట్టుకున్నాను. ఇప్పుడు కూడా రాయకపోతే ఇంకో పొరపాటు జరిగేలా ఉంది. మా పెళ్ళి గురించి మా పేటలో ఒక కథ ఉంది. నేనూ మా ఇంటావిడా పోయిన జన్మలో మొగుడూ పెళ్ళాలమట. ఓడెక్కి వెళ్ళి తిరిగిరాని ఆ మొగుడు ఈ జన్మలో పక్కవాటాలోకి వచ్చి పెళ్ళాన్ని వెతుక్కున్నాడట. మా అత్తగారు చేపల గంపతో పాటు ఆ కథని కూడా వీధివీధికీ మోసింది. మొన్న మా మనవరాలు దాన్ని బళ్ళో చెప్పి చప్పట్లు కొట్టించుకుని వచ్చింది. ఆ పిల్ల రేపు దాన్ని ఏ పత్రికకైనా రాసి పంపుతుంది. అచ్చులో పడ్డ మాట చెరగదని అందరికన్నా నాకే ఎక్కువ తెలుసు. అందుకని జరిగింది జరిగినట్టు రాసిపెడుతున్నాను. పేర్లు రాయొద్దని మా ఇంటావిడ షరతు. రాయను.

మాది గోదావరి జిల్లా. మా నాన్నకి పోర్టులో కలాసీ పని దొరికితే, నేను బాగా చిన్నగా ఉన్నప్పుడే విశాఖపట్నం వచ్చేశాం. వన్‌టౌన్‌లో సముద్రానికి దగ్గరగా ఒక పొడుగాటి పెంకుటిల్లు. అందులో రెండు వాటాలు. ఒకదాంట్లో మేము, రెండోదాంట్లో ఒక జాలరి కుటుంబం. ఆ ఇంటాయన సముద్రం మీదికి వెళ్ళి తిరిగిరాలేదు. తల్లీ కూతురూ ఉండేవారు. తల్లి తెల్లారగట్ల రేవుకి వెళ్ళి చేపలు కొని గంప నెత్తిన పెట్టుకుని అమ్మేది. కూతురు నాకన్నా ఐదేళ్ళు చిన్నది. రెండో తరగతితో బడి మానేసి, అమ్ముడుపోని చేపలు ఉప్పుపెట్టి ఎండబెట్టేది.

రెండు వాటాలకీ మధ్య అడ్డగోడ నా తలకి ఒక జానెడు పైదాకా ఉండేది. ఆ పైన పెంకుల వరకూ ఖాళీ. ఇల్లు కట్టించినాయన దగ్గర ఇటుకలు అయిపోయాయో, గాలి ఆడాలనుకున్నాడో తెలీదు. వాళ్ళింటి చేపల పులుసు వాసన మాకు వచ్చేది, మా ఇంటి పోట్లాటలు వాళ్ళకి వెళ్ళేవి.

నాన్నకి జబ్బు చేసి ఏడో తరగతితో నా చదువు ఆగింది. బడి ఆగింది గానీ చదువు ఆగలేదని నేను ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాను. మా పేటలో ఒక మేడమీద రెండు గదుల గ్రంథాలయం ఉండేది. అక్కడి లైబ్రేరియన్ గారు నా అరిగిపోయిన చెప్పులు చూసి కూడా పొమ్మనలేదు. వారానికి రెండు పుస్తకాలు ఇంటికి ఇచ్చేవారు. అక్కడి మూడు బీరువాల్లో రెండిటిని నేను పైవరస నుంచి కిందవరస దాకా వదలకుండా చదివాను. మూడోది హోమియో వైద్యం, చట్టాలు. అందులో కూడా సగం చదివాను.

కాకపోతే నాకు మనసులో చదువుకోవడం వచ్చేది కాదు. మాట పెదాల మీదికి వస్తేనే తలకెక్కేది. సాయంత్రం దీపం పెట్టగానే కూర్చుని, భోజనాల దాకా గట్టిగా చదివేవాణ్ణి. పలకడం కష్టమైన మాట తగిలితే కింద పెన్సిలుతో చుక్క పెట్టి మళ్ళీ మళ్ళీ పలికేవాణ్ణి. మా అమ్మ విసుక్కునేది. గోడ అవతలినుంచి చేపలావిడ అరిచేది.

"ఓ బాబూ, ఇందాక సదివిన దెయ్యం కతే బాగుండీది. ఈ ఉపన్యాసం ఏటి?"

పద్దెనిమిదేళ్ళప్పుడు గ్రంథాలయంలో ఒక కాలేజీ కుర్రాడు నా పెదాలు చూసి నవ్వాడు. ఆ రోజుతో పైకి చదవడం మానేశాను. మూడు నెలలు కష్టపడి మౌనంగా చదవడం నేర్చుకున్నాను. అదో పెద్ద విజయం అనుకున్నాను.

అప్పటికే ఓడల్లో సరుకు ఎక్కించి దించే ఒక స్టీవెడోర్ కంపెనీలో నాకు టాలీ క్లర్కు పని దొరికింది. ఆ పని గురించి రెండు మాటలు చెప్పాలి, లేకపోతే నేను చేసిన తప్పు అర్థం కాదు. ఓడలోంచి సరుకు దిగేటప్పుడు ఇద్దరు లెక్క రాస్తారు. ఓడ మీద ఒకడు, ఒడ్డున ఒకడు. క్రేను ఎత్తిన ప్రతి స్లింగుకీ, అంటే తాళ్ళతో కట్టిన ఒక్కో మోపుకీ, ఎన్ని బస్తాలో ఎవరిది వాళ్ళు రాసుకోవాలి, ఒకరిది ఒకరు చూడకూడదు. షిఫ్టు చివర రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి పోలుస్తారు. ఒకటి రెండు బస్తాలు తేడా వస్తే మా సూపర్‌వైజర్ ఏమీ అనేవాడు కాదు. ఒక్క బస్తా కూడా తేడా లేకుండా కలిసినప్పుడే అనుమానంగా చూసేవాడు.

"ఇదేటి బావా, అక్కడా అంతే, ఇక్కడా అంతేనా? ఇద్దరూ ఒకే కాయితం సూసి రాసీసినారా?" అనేవాడు.

ఎనభయ్యో దశకం మొదట్లో, ఉక్కు ఫ్యాక్టరీ యంత్రాల పెట్టెలు రేవులో దిగడం మొదలైన రోజుల్లో, నాకు ఇరవై నాలుగేళ్ళు. పక్కింటి అమ్మాయికి పంతొమ్మిది. ఆమెని మేనమామ కొడుక్కి ఇవ్వాలని పుట్టినప్పుడే అనుకున్నారు. ఆ అబ్బాయికి మరబోటులో వాటా ఉంది. నేనంటే ఆమెకి ఎగతాళి. నన్ను పంతులు అని పిలిచేది. గోడమీంచి కాగితంలో ఎండు నెత్తళ్ళు అందించేది. నేను బొమ్మలున్న పాత పత్రికలు ఇచ్చేవాణ్ణి. ఆమె అందించినప్పుడు గాజుల చేయి మాత్రమే కనిపించేది. దాన్ని గురించి నేను ఎక్కువగా ఆలోచించేవాణ్ణి. అంతకుమించి ఏమీ లేదు, ఉంటుందనీ అనుకోలేదు.

పెరట్లో రెండు వాటాలకీ కలిపి ఒక ఉప్పునీళ్ళ బావి ఉండేది. ఒకరోజు పొద్దున్న చేంతాడు తెగిపోతే నేను మూడు చోట్ల ముడులు వేసి అతికాను. ఆమె వచ్చి తాడు చేతిలోకి తీసుకుని చూసింది.

"ఇన్ని ముడులేత్తే నీళ్ళకి అందదు పంతులూ," అంది. అని, తనలో తాను అన్నట్టు, "ఆ ఇంట్లో కూడా అలాగే అయ్యింది," అంది.

"ఏ ఇంట్లో?"

"ఏం లేదులే."

నా నోట్లోంచి అనుకోకుండా వచ్చింది. "మొగలి పొదలున్న ఇల్లా?"

ఆమె తాడు వదిలేసింది. చేద బావిలో పడిపోయింది. "నీకెవులు సెప్పినారు?" అంది.

ఎవరూ చెప్పలేదు. ఆ ఇల్లు నా తలలో ఎప్పట్నుంచో ఉంది. ఎక్కడిదో తెలీదు, ఊరికే ఉంది. ఆమెకి చిన్నప్పట్నుంచీ కలలో వస్తుందిట. మొగలి పొదల మధ్య ఇల్లు, నీలం రంగు తలుపు. మొగుడు బర్మా వెళ్ళే రంగం ఓడెక్కాడు. పెళ్ళాం రోజుకొక ముడి చేంతాడుకి వేస్తూ రోజులు లెక్కపెట్టింది. అది కల కాదని, తనకి నిజంగా జరిగిందని ఆమె ఎవరికీ చెప్పలేదు, నవ్వుతారని.

ఇక నేను నా గ్రంథాలయ పాండిత్యం అంతా బయటికి తీశాను. పునర్జన్మ మీద దొరికిన పుస్తకాలన్నీ చదివాను. వాటిలో సగం నమ్మదగినవి కావు. మిగతా సగం, జ్ఞాపకాలని ముందే విడివిడిగా రాయించి తర్వాత పోల్చాలన్నాయి. అది నా పనే కదా! రెండు టాలీలు. నేను నాకు గుర్తున్నదంతా, బావి దగ్గర మేము అనుకోనిది కూడా, కాగితం మీద రాసి, అన్నం మెతుకులతో అంటించి, ఆమె తల్లికి ఇచ్చాను.

"ఏటి బాబూ," అందావిడ కాగితాన్ని అటూ ఇటూ తిప్పుతూ, "నా గుంట కలలు నీకెలా తెలుత్తాయి? గోడ దూకి సూసొచ్చినావేటి?"

ఆ సాయంత్రం మా అమ్మ, నేను, వాళ్ళిద్దరూ వాళ్ళ వాటాలో కూర్చున్నాం. ముందుగా అమ్మాయి తనకి గుర్తున్నవన్నీ చెప్పింది. అప్పుడు నేను కాగితం విప్పి చదివాను. కలిసిన ప్రతిదానికీ తల్లి బొగ్గుతో గోడమీద ఒక గీత గీసింది, చేపల గంపలకి గీసుకున్నట్టే. మొగలి పొదలు కలిశాయి. నీలం తలుపు కలిసింది. మొగుడు ఓడెక్కుతుంటే ఇచ్చిన అటుకుల మూట కలిసింది. ఇంట్లో ఒక ఒంటికన్ను గోరింక ఉండేదని నేను చదవగానే మా అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ పిల్ల అంతకుముందే అది చెప్పింది. చేంతాడు ముడులతో పొట్టిదైపోయి చేద నీళ్ళకి అందకపోవడం, అదీ కలిసింది. ఆ తర్వాత ఏమైందో నాకు గుర్తులేదు. ఆమెకీ లేదు.

"తర్వాత అది సచ్చిపోయుంటాది," అంది తల్లి. "అందుకే గురుతులేదు."

ఒక్క బస్తా తేడా లేదు. నాకు అనుమానం రావాలి. రాలేదు. ఆరేళ్ళుగా టాలీ క్లర్కుని, నాకే రాలేదు.

తల్లి బొగ్గుముక్క పక్కన పెట్టి, "అయితే నా గుంట నీ పెళ్ళామే. నాను అడ్డొస్తే పాపం," అంది. మా అమ్మకి కులం దగ్గర రెండు రోజులు పట్టింది. తర్వాత, "పోయిన జన్మలో మనదే కులమో ఎవడికి తెలుసురా," అని ఊరుకుంది. మేనమామ భీమిలి వైపు నుంచి మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. గోడమీది గీతలు చూశాడు. ఆయన అక్క, అదే పిల్ల తల్లి, ఎదురుగా కూర్చోబెట్టుకుని అంతా చెప్పింది. ఆయన గీతలు మళ్ళీ ఒకసారి లెక్కపెట్టాడు. "దేవుడు రాసీసినాక మనమేటి సేత్తాం," అని కాఫీ తాగి వెళ్ళిపోయాడు. తల్లి సింహాచలం మెట్లకి పసుపూ కుంకుమా పెడతానని మొక్కుకుంది, అన్నట్టే పెట్టింది. ముహూర్తం రెండు నెలల్లో అనుకున్నారు.

నేనూ ఆమే మాట్లాడుకోవడం ఇప్పుడు ఎవరికీ తప్పుగా అనిపించలేదు. బావి దగ్గర మాట్లాడుకునేవాళ్ళం. ఎక్కువగా ఆ ఇంటి గురించే. ఆ ఓడ మునిగిందా, ఆయన రంగంలో ఇంకో ఆవిణ్ణి చేసుకున్నాడా అని ఆమె నన్నే నిలదీసేది. నాకు తెలీదంటే, "మొగోళ్ళకి ఇలాటివి గురుతుండవులే," అనేది.

పెళ్ళికి మూడు వారాలుందనగా, నా సెలవు రోజున లైబ్రేరియన్ గారు సాయానికి పిలిచారు. చిరిగిన పుస్తకాలు బైండింగుకి పంపాలి, వేరు చేయాలి. కుప్పలో అట్టలేని పుస్తకం ఒకటి చేతికి వచ్చింది. మొదటి పేజీలు లేవు, చివరి పేజీలూ లేవు. మధ్యలో తెరిచాను. కొన్ని మాటల కింద పెన్సిలు చుక్కలు. అవి నావే. పద్నాలుగేళ్ళప్పుడు నేను అలా గట్టిగా నొక్కి పెట్టేవాణ్ణి, వెనక పేజీలో బుడిపె తేలేలా.

నిలబడే చదివాను. మొగలి పొదలు. నీలం తలుపు. అటుకుల మూట. గోరింక. చేంతాడు. అంతా నేను కాగితం మీద రాసిన వరసలోనే ఉంది. తాడు నీళ్ళకి అందలేదన్న వాక్యంతో ఆఖరి పేజీ అయిపోయింది. తర్వాతి పేజీలు ఎవరో చింపేశారు. మా ఇద్దరికీ ఆపైన గుర్తులేకపోవడానికి కారణం అదీ.

ఒకే కాగితం చూసి రాసేశాం. నేను కళ్ళతో, ఆమె గోడ మీది ఖాళీలోంచి చెవులతో. నేను చదివి మర్చిపోయాను. తొమ్మిదేళ్ళ పిల్ల విని మర్చిపోయింది. మిగిలింది మాత్రం ఇద్దరిలోనూ ఉండిపోయింది.

నాకు రెండు దారులున్నాయి. పుస్తకాన్ని కుప్పలో పెట్టేయొచ్చు, బైండింగువాడు దాన్ని పనికిరానిదని పారేస్తాడు. లేదా ఆమెకి చెప్పొచ్చు. చెబితే పెళ్ళి పోతుంది. మేనమామ ఒప్పుకున్నది దేవుడి రాతకి, నాకు కాదు. ఆ వారమంతా నేను పనిలో రెండుసార్లు లెక్క తప్పాను. చివరికి చెప్పాలనే అనుకున్నాను. అది ధైర్యం అని రాసుకోను. తప్పుడు టాలీ మీద సంతకం పెట్టడం నాకు అలవాటు లేదు, అంతే.

ఆమె ఒడ్డున వల పరిచి చేపలు ఎండబెడుతోంది. మధ్యాహ్నం. నేను పక్కన ఇసకలో కూర్చుని, ఏమీ చెప్పకుండా, పుస్తకం తెరిచి పైకి చదివాను. ఆరేళ్ళ తర్వాత పైకి చదవడం. గొంతు వింతగా ఉంది. ఆమె మొదట నవ్వింది. మొగలి పొదల దగ్గర చేపలు తిరగేయడం ఆపింది. చివరి పేజీకి వచ్చాను.

"రోజుకొక ముడి వేయగా వేయగా..." అని నేను ఆగాను.

"తాడు పొట్టిదై చేద నీటికి అందలేదు," అంది ఆమె.

పుస్తకంలో ఉన్నట్టే అంది. ఎప్పుడూ సేద అనే మనిషి చేద అంది. తన మాట తనకే వినిపించి చేత్తో నోరు మూసుకుంది. కాకి వచ్చి ఒక చేప ఎత్తుకుపోయినా ఆమె అదిలించలేదు.

"తర్వాత?" అంది.

"లేదు. చింపేశారు."

"ఆయన వచ్చినాడో లేదో తెలీదా?"

"తెలీదు."

అప్పుడు కోపం వచ్చింది. "ఎందుకు సెప్పినావ్? నిన్నెవులు సెప్పమన్నారు? ఇన్నాళ్ళూ నాకంటూ ఒక ఇల్లుండీది. అదీ నీ పుస్తకమేనా? పో. పుస్తకం కూడా పట్టుకుపో."

మూడు రోజులు ఆమె బావి దగ్గరికి రాలేదు. గోడమీంచి చేయి కనిపించలేదు. అవతల తల్లితో కూడా ఆమె మాట్లాడిన చప్పుడు లేదు. చెప్పేస్తుందేమోనని నేను ప్రతి చప్పుడుకీ చెవి పెట్టాను. గోడ అవతలికి చెవి పెట్టుకుని బతకడం ఎలా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది. నాలుగో రోజు పొద్దున్న తల్లి గంప ఎత్తుకుని వెళ్ళాక, అవతల్నుంచి ఆమె గరిటెతో గోడ కొట్టింది.

"పంతులూ, ఉన్నావేటి?"

"ఉన్నాను. పెళ్ళి ఆపమంటావా?"

"నాను అన్నానేటి?" గరిటె కింద పెట్టిన చప్పుడైంది. "మా మావయ్యకి తెలిసిందంటే రేపే నన్ను అట్టుకుపోతాడు. మా అమ్మకి తెలిత్తే దాని నోట్లో ఆగదు. అది బతికున్నన్నాళ్ళూ సెప్పకు."

"సరే."

"ఒట్టు?"

"ఒట్టు. మరి ఆ మొగలి పొదల ఇంటాయన?"

"ఆడెవుడో నాకెందుకు? ఆడు ఓడెక్కి పోనాడు. ఆడి కత సదివినోడు గోడ పక్కనే ఉన్నాడు గదా. ఇంకోటి. పెళ్ళయినాక పైకి సదువు. ఊరికే పెదాలు మూసుకుని కూకుంటే నాకేటి ఇనిపిత్తాది?"

అనుకున్న రోజుకే పెళ్ళయింది. మేనమామే చేపలు తెచ్చాడు. అప్పట్నుంచి నేను రోజూ సాయంత్రం పైకి చదివాను. పుస్తకాల బీరువాలు మారాయి, ఇల్లు మారింది, అలవాటు మారలేదు. మా అత్తగారు చెప్పే కథ మాత్రం ఏటేటా పెరిగింది. గోరింకకి రెండో కన్ను ఎలా పోయిందో కూడా ఆవిడ చెప్పేది. నేను తలవంచుకుని వినేవాణ్ణి.

ఆఖరి రోజుల్లో ఆవిడ మా ఇంట్లోనే మంచం మీద ఉండేది. ఒక సాయంత్రం నేను ఏదో చదువుతుంటే ఆపమంది.

"ఇది బాగోలేదు బాబూ. ఆ గోరింక పుస్తకం ఉందేటి? నువ్వు కుర్రతనంలో సదివేవోడివి. సివరాకరికి ఏటయిందో అప్పుడు సదవలేదు."

నేను మా ఇంటావిడ వైపు చూశాను. ఆమె చేతిలో గ్లాసు అలాగే ఉంది.

"అది మీకు గుర్తుందా అత్తయ్యా?"

"గురుతుండకేటి? ఆ గోడకి అటేపు నానూ ఉన్నాను గదా."

"మరి ఆ రోజు బొగ్గుతో గీతలు గీశారే?"

"గీత్తే?" అందావిడ. "నా తమ్ముడికి ఏటని సెప్పాల? గుంటకి పక్కింటోడు నచ్చినాడంటే ఊరుకుంటాడేటి? దేవుడు రాసినాడంటే ఊరుకున్నాడు." కాసేపటికి మళ్ళీ అడిగింది. "సివరికి ఏటయింది?"

"పేజీలు లేవు అత్తయ్యా. చింపేశారు."

"వచ్చీసుంటాడులే," అంది ఆవిడ కళ్ళు మూసుకుంటూ. "ఎక్కడికి పోతాడు?"

దాంతో నలభై ఏళ్ళు నోరు మూసుకున్నది మేమిద్దరమే కాదని తేలింది. ఆవిడ నోట్లో ఏదీ ఆగదని అనుకున్నాం. మా ముగ్గురిలో ఎక్కువ గట్టిగా దాచింది ఆవిడే. పునర్జన్మ ఉందో లేదో నేను ఇప్పటికీ చెప్పలేను. చదివిన పుస్తకాలతో అది తేలలేదు. మా విషయంలో మాత్రం అది అవసరం లేకపోయింది.

పేర్లు పెట్టి చెప్పుకోవలసినవాళ్ళు చాలామంది ఉన్నారు. షరతు ఉంది కనుక ఇలా చెబుతున్నాను. చెప్పులు చూసినా పుస్తకం ఇచ్చిన లైబ్రేరియన్ గారికి, ఆ అట్టలేని పుస్తకాన్ని తర్వాత నాకే ఉంచుకోమన్నందుకు కూడా. తేడాలేని లెక్కని నమ్మొద్దని నేర్పిన సూపర్‌వైజర్‌కి. రెండు రోజుల్లోనే కులాన్ని పక్కనపెట్టిన మా అమ్మకి. మాట మీద నిలబడి చేపలు తెచ్చిన మేనమామకి. ఆ చివరి పేజీలు చింపిన మనిషెవరో ఆ మనిషికి. అడ్డగోడ పెంకుల దాకా లేపకుండా ఆపేసిన తాపీమేస్త్రీకి. బొగ్గుముక్కతో గీతలు గీసిన మా అత్తగారికి. ఇదంతా నేను పైకి చదువుతుంటే విని, రెండు చోట్ల తప్పులు దిద్దించి, "ఇంక సాల్లే పంతులూ," అన్న మా ఇంటావిడకి.